దేవుని సాలుకు చెలమ నీళ్లు

మొన్న ఇద్దరు ఆడపిల్లలు మా ఇంటికి వచ్చారు. కొత్తగా బైబిలు స్త్రీలుగా పనిలో చేరారట. మీ అనుభవాలు చెప్పండమ్మా అని అడిగారు. నేను మొదలుపెడితే ఎదుటివాళ్లను భోజనానికి కూడా లేవనివ్వనని మా పక్కింటివాళ్లు వాళ్లకు ముందే చెప్పి పంపారని తరువాత తెలిసింది. అందుకే రాసి ఇస్తున్నాను. రాసిందైతే విసుగొచ్చినప్పుడు మూసేసి పడుకోవచ్చు, నేను చూడను కూడా.

యాభైలలోనూ అరవైలలోనూ పామిడి చుట్టుపక్కల పల్లెల్లో పనిచేశాను. నా పేరు కరుణమ్మ. ఆ పేరు మా అమ్మకూ మిషను ఆఫీసుకూ తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. చిన్నవాళ్లకు బైబిలక్కను, మిగిలినవాళ్లకు బైబిలమ్మను.

నడక, మజ్జిగ, మేక

ఈ పని అంటే వాక్యం చెప్పడం అనుకుని వస్తారు మీరు. వాక్యం చెప్పేది కాసేపే. మిగతాదంతా నడక. నడిచి పోతే మజ్జిగ ఇస్తారు. తాగాలి. పుల్లగా ఉన్నా తాగాలి, పురుగు పడినా తీసేసి తాగాలి. ఆ తరువాత ఇంటామె తన గోడు మొదలుపెడుతుంది. అది పూర్తయ్యేదాకా నోరు తెరవకూడదు. ఇంత వరకూ వచ్చిందంటే మీ ఉద్యోగం ముప్పాతిక వంతు వచ్చినట్టే.

తరువాత ప్రార్థన. మనకు కళ్లు మూసుకోమని నేర్పుతారు. నేను ఒక కన్ను తెరిచి ఉంచమంటాను. ఒకసారి ఒకావిడ పంటినొప్పి కోసం రెండు కళ్లూ గట్టిగా మూసుకుని, పళ్లను సృష్టించినప్పటి నుంచి మొదలుపెట్టి మంచి ప్రార్థన చేశాను. కళ్లు తెరిచేసరికి వాళ్ల మేక నా పాటల పుస్తకంలో రెండు పాటలు నమిలేసింది. పంటినొప్పి ఉన్నామె నన్నూ మేకనూ చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. నొప్పి పోయిందా అని అడిగితే, పోలేదు కానీ మర్చిపోయినానని చెప్పింది. ఆ రెండు పాటలూ నాకు కంఠతా రావు కాబట్టి ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ పాడలేదు.

మమ్మల్ని జనం ఏమేం అడిగేవారో చెబితే మీరు నవ్వుతారు. గేదె సుఖంగా ఈనాలి, మొగుడు తాగుడు మానాలి, అత్త కొన్నాళ్లు కూతురి ఇంటికి పోయి రావాలి. అన్నిటికంటే ఎక్కువగా వాన. మా సీమలో ఏ ప్రార్థన మొదలుపెట్టినా చివరకు వాన దగ్గరికే వచ్చేది. పెళ్లి ప్రార్థనలో కూడా వధూవరులను దీవించి, అదే ఊపులో చేలను దీవించమనేవాళ్లం.

కొన్ని జరిగేవి. నేను ఊరు దాటేలోపే గేదె ఈనేది, నాకు జున్ను వచ్చేది. చాలా జరిగేవి కావు. జరిగితే ప్రార్థన చేసినవాళ్ల గొప్ప, జరగకపోతే అడిగినవాళ్ల విశ్వాసం తక్కువ అనే వాడుక మనలో ఒకటి ఉంది. అది నాకు ఏనాడూ నచ్చలేదు. మీరు కూడా దాన్ని దగ్గరికి రానివ్వకండి.

దొరసాని, అయ్యగారు

నాకు పైన ఇద్దరు ఉండేవారు. ఒకరు మిషను దొరసాని, తెల్లామె. తాటిచెట్టంత మనిషి, సైకిలు మీద వచ్చేది. పుస్తకాలు చదివి నేర్చుకున్న తెలుగు ఆమెది. పొలం గట్టున కూర్చున్న రైతును "తామిచ్చట ఏమి చేయుచున్నారు?" అని అడిగితే, అతను కోర్టు నోటీసు వచ్చిందనుకుని చేతులు కట్టుకుని లేచి నిలబడేవాడు. నేను చేరిన కొత్తలో ఆమెను ఒక ప్రశ్న అడిగాను. మనం ప్రార్థన చేసినా దేవుడు ఎందుకు ఇవ్వలేదని జనం అడిగితే ఏం చెప్పాలి అని. ఆమె సైకిలు దిగి, "తెలియదు" అంది. ఆ ఒక్క మాటే ఆమె అందరిలాగా అనేది. ఆ జవాబు అప్పట్లో నాకు బొత్తిగా చాలలేదు.

రెండోవారు మా పాస్టరు జ్ఞానయ్యగారు. తన పళ్లెంలోని సంగటి ముద్ద ఎదుటివాడికి పెట్టి, తను నీళ్లు తాగి లేచే మనిషి. కానీ జవాబు లేని ప్రశ్న ఎదురైతే ఆయనకు ఒళ్లంతా దురద పుట్టినట్టుండేది. ఏదో ఒకటి చెప్పేయాలి. ప్రార్థనలో దేవునికి గడువు కూడా పెట్టేవారు. గురువారం లోపల, ప్రభువా, ఆలస్యమైతే శుక్రవారం, అనేవారు. మేమంతా గట్టిగా ఆమెన్ అనేవాళ్లం. గడువు దాటాక ఆమెన్ అన్నవాళ్లమే ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం.

ఎస్తేరమ్మ చేను

పెన్నకు ఇవతలి గట్టున ఉన్న ఒక పల్లెలో ఎస్తేరమ్మ ఉండేది. నాకంటే చిన్నది. నల్లగా, సన్నగా, నోరు మాత్రం గంటలాగా ఉండేది. ఆమెకు ఒక చిన్న మెట్ట చేను ఉండేది. వాళ్ల నాయన ఒకరి కింద జీతం ఉంటూనే, తీరిక దొరికినప్పుడల్లా రాళ్లు ఏరి ఏరి బాగుచేసుకున్న చేను. వాళ్ల వంశంలో సొంత మన్ను తొక్కిన మొదటి మనిషి ఆయనే. కూతురికి ఇచ్చి కన్నుమూశాడు.

మా సంఘాల్లో ఒక ఆచారం ఉండేది. విత్తనం వేసేటప్పుడు ప్రతి ఇంటివాళ్లూ తమ చేనులో ఒక సాలు, అంటే నాగటి వరుస, దేవునికని అనుకునేవారు. దాన్ని దేవుని సాలు అంటారు. దానిలో పండింది కోత పండుగనాడు ప్రార్థన గుడికి తెచ్చి వేలం వేస్తారు. మంచి సాలు దేవునికి వదిలి గట్టు పక్క సాలు తాము ఉంచుకునేవాళ్లూ ఉన్నారు, రాళ్ల సాలు దేవునికి అంటగట్టేవాళ్లూ ఉన్నారు. ఎస్తేరమ్మ నట్టనడుమ సాలు వదిలేది.

ఒక ఏడు తొలకరికి ఒక వాన పడింది. అందరూ వేరుశెనగ వేశారు. మొలిచింది, పూత కూడా పట్టింది. ఆ తరువాత ఆకాశం తలుపు మూసుకుంది. పూత ఊడలై నేలలోకి దిగే వేళకు ఒక్క పదును వాన పడితే చాలు, పడకపోతే పైన ఎంత పచ్చగా ఉన్నా కింద కాయ ఉండదు. ఎస్తేరమ్మ మొగుడు జకరయ్య మెతక మనిషే కానీ, ఆ ఏడు ఖండితంగా చెప్పేశాడు. కోత పండుగ నాటికి చేతికి ఏమీ రాకపోతే చేను అమ్మేసి కాలువ పనులకు పోదామని. అప్పటికి ముందటేడు కూడా ఎండిపోయింది. అతని మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

కాబట్టి ఎస్తేరమ్మ అడిగింది ఒక్కటే. ఒక్క వాన. మా నాయన చేను నా చేతుల్లో పోకూడదక్కా, అని నా చెయ్యి పట్టుకుంది. వారం వారం పోయి ఆమెతో కలిసి ప్రార్థన చేశాను. ఒక్క కన్ను కూడా తెరవకుండా చేశాను.

కప్ప పెళ్లికొడుకు

ఎస్తేరమ్మ ఒక్కతే కాదు, ఊరు ఊరంతా దేవుళ్లను నిద్రపోనివ్వలేదు. ఒక శుక్రవారం మూడు మతాలవాళ్లకూ ఒకేసారి ముహూర్తం కుదిరింది. మేము ఉపవాసముండి, పాటలు పాడుతూ చేల చుట్టూ తిరగడానికి బయలుదేరాము. దూదేకుల మస్తాన్ సాబు, అతని వాళ్లందరూ కోట్లు తిరగేసి తొడుక్కుని ఊరి బయట వాన నమాజు చేసి వస్తున్నారు. పెద్దింటి ఆడవాళ్లు కప్పలకు పెళ్లి చేసి, రోకలికి వేపమండలతో కట్టి ఊరేగిస్తున్నారు. ఊరంతా వెతికినా కప్పలు దొరక్క ఎక్కడో పాడుబడ్డ బావిలోంచి తెచ్చారట.

మూడు ఊరేగింపులూ ఒకే సందులో ఎదురెదురు పడ్డాయి. ఎవరు తప్పుకోవాలి? మా అయ్యగారు తప్పుకోరు. కప్పలు తప్పుకోవు. ఈ తర్జనభర్జనలో పెళ్లికొడుకు కట్టు తెంచుకుని మా పాడేవాళ్ల మధ్యకు దూకాడు. మా వాళ్లు పాట ఆపకుండానే చెల్లాచెదురయ్యారు. చివరికి మస్తాన్ సాబు తిరగేసి తొడుక్కున్న కోటు విప్పి దాని మీద వేసి పట్టుకుని, మర్యాదగా పెళ్లివారికి అప్పగించాడు. ఉపవాసంతో ఉన్నవాళ్లం కదా, నవ్వడానికి కూడా ఓపిక లేదు, అయినా సందు గోడలకు ఆనుకుని నవ్వాము.

సాయంత్రానికి మబ్బు పట్టింది. నిజంగానే పట్టింది. ఉరిమింది. జనం బిందెలూ చట్లూ వాకిళ్లలో పెట్టారు. జ్ఞానయ్యగారు చేతులు పైకెత్తి నిలబడ్డారు. మబ్బు మా నెత్తిమీదుగానే వచ్చి, మమ్మల్ని దాటి, పెన్న దాటి, అవతలి గట్టున పడింది. ఎవరి చేను మీద? దొంగసారా కాచే ముత్యాలప్ప చేను మీద. ఆ మనిషి ఆ వారం ఏ దేవునికీ దండం పెట్టినవాడు కాదు. పోలీసులకు తప్ప.

మేమంతా ఇసుకలో నిలబడి చూశాము. తడిసిన మట్టి వాసన మా దాకా వచ్చింది. ఎస్తేరమ్మ వెనక్కి తిరిగి, వాకిట్లో పెట్టిన బిందెను బోర్లించడానికి ఇంటికి పోయింది.

ఆదివారం

ఆదివారం అయ్యగారు ప్రసంగానికి లేచారు. శుక్రవారం గడువు ఆయనే పెట్టారు కాబట్టి ఏదో ఒక జవాబు కావాలి. మనలో ఎవరో పాపం దాచుకుని ఉన్నారు, అందుకే వాన మనల్ని దాటిపోయింది, వాళ్లు ఒప్పుకోవాలి అన్నారు. గుడిలో అందరూ తలలు వంచుకున్నారు. ఎవరి పాపం వాళ్లకు గుర్తొస్తుంది కదా.

ఎస్తేరమ్మ లేచి నిలబడింది. "అయ్యగారూ, నాలో పాపం ఉండాది, లేదనను. దానికే వాన నిలిచిపాయ అంటారు. మరి ముత్యాలప్ప చేనికి యా పుణ్యానికి కురిసినట్టు? సారా కాచిన పుణ్యానికా?"

మొదట అయ్యగారి భార్యే నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఆ తరువాత గుడి మొత్తం. దొరసానికి మాట అర్థం కావడానికి కొంచెం ఆలస్యమైంది కాబట్టి అందరూ ఆపాక ఆమె ఒక్కతే నవ్వడం మొదలుపెట్టింది, దాంతో మళ్లీ అందరూ. జ్ఞానయ్యగారు బల్ల పట్టుకుని నిలబడి ఉన్నారు. ముఖం ఎర్రబడింది. కోప్పడతారనుకున్నాను. ఆయన పుస్తకం మూసి, కళ్లజోడు తీసి, మెల్లగా, "నాకు తెలియదమ్మా ఎస్తేరూ" అన్నారు. కూర్చున్నారు. నా ఉద్యోగంలో నేను విన్న ప్రసంగాలన్నిటిలో అదే పొట్టిది, అదే మంచిది. దొరసాని నాకు చెప్పిన జవాబు విలువ నాకు ఆరోజు తెలిసింది. తెలియదని చెప్పిన మనిషి పక్కన కూర్చుని ఏడవొచ్చు. అన్నీ తెలిసిన మనిషి పక్కన అది కుదరదు.

కడవలు

ఆ తరువాతి వారం నేను పోయేసరికి ఎస్తేరమ్మ నెత్తిన కడవతో పెన్నలోంచి వస్తోంది. ఏట్లో నీళ్లు ఎక్కడివి, ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు చిప్పతో తోడి కడవ నింపుకోవాలి. ఆ నీళ్లు తెచ్చి దేవుని సాలుకు పోస్తోంది. ఆ ఒక్క సాలుకే. రెండు పక్కలా తన సాళ్లు వాడిపోతున్నా వాటికి చుక్క పోయడం లేదు. జకరయ్య గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

ఇదేం పిచ్చి అని అడిగాను. కడవ దించకుండానే చెప్పింది. "ఆయన వాన ఇచ్చేది ఇయ్యంది ఆయన ఇష్టమక్కా. నేను ఇస్తానన్నది మాత్రం నేను ఇయ్యల్ల కదా."

మరి నీ సాళ్లకో అంటే, అంత చేనికి మోసే నీళ్లు యాడుండాయి, ఒక సాలుకైతే చాలుతాయి అంది. లెక్క సరిగ్గానే ఉంది. నేను కొంగు నడుముకు చుట్టి ఒక కడవ అందుకున్నాను.

ఆ తరువాత జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. రెండోనాడు జకరయ్య లేచి కావడి ఎత్తాడు. మస్తాన్ సాబు పక్క చేను వాడు, అతని పైరు అప్పటికే పోయింది, ఖాళీగా కూర్చుని ఏం చేయాలప్పా అని అతనూ వచ్చాడు. కప్పల పెళ్లి చేసిన ఆడవాళ్లు వచ్చారు. అయ్యగారు పంచె ఎగగట్టి వచ్చారు. ఆయన కడవలో సగం నీళ్లు దారిలోనే పోయేవి, దారి పొడుగునా గడ్డి మొలిచింది. ఇవన్నీ ఒక ఎత్తు, ఒకరోజు ఏరు దాటి ముత్యాలప్ప రావడం ఒక ఎత్తు. మీకు పడాల్సిన వాన దోవ తప్పి నాకు పడిందని ఊరంతా తిట్టుకుంటాన్నారంట, నాకు నిద్ర పట్టలేదని చెప్పి, తన దగ్గరున్న పెద్ద పెద్ద కుండలు తెచ్చాడు. అవి ఏ పనికి వాడే కుండలో అందరికీ తెలుసు. ఎన్నిసార్లు కడిగినా వాసన పోలేదు. దొరసాని ఒక కుండ ఎత్తుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఈ జలమునందు ఏదో పరిమళము కలదు" అంది. మస్తాన్ సాబు గట్టు మీద పడి దొర్లాడు.

చుట్టూ బూడిద రంగు నేల, నడుమ ఒక్క పచ్చ గీత. బస్సులో పోయేవాళ్లు దిగి వచ్చి చూసేవారు. వాన మాత్రం రాలేదు.

వేలం

కోత పండుగ వచ్చింది. సంఘం మొత్తానికి గుడికి వచ్చిన పంట ఒక్క గంప, ఎస్తేరమ్మది. ఆచారం ఆచారమే అని అయ్యగారు వేలం మొదలుపెట్టారు. ఎవరి దగ్గరా దుడ్లు లేవు. వెనక నుంచి ఒక ముసలాయన గొంతు సవరించుకుని, నా చేనిలో ఎండ మొత్తం ఇస్తా అన్నాడు. అయ్యగారు, ఎండ ఒకటోసారి అన్నారు. ఇంక చూసుకోండి. ఒకడు మోకాళ్ల నొప్పి ఇస్తానన్నాడు. ఒకామె తన అత్తను పాడింది, పక్కనే కూర్చున్న అత్త అంతకు రెండింతలకు కోడలిని పాడింది. దొరసాని ఒక పాట పాడతానంది, ఆమె పాట మేమెరిగినదే కాబట్టి వద్దని అందరూ బతిమాలారు. చివరికి ఎండకే ఖాయమైంది. అక్కడే పొయ్యి పెట్టి కాయలు ఉడకేసి, గుడిలోవాళ్లకూ, వాకిట్లో నిలబడిన మస్తాన్ సాబు వాళ్లకూ, ముత్యాలప్పకూ పంచారు. మనిషికి నాలుగు కాయలు కూడా రాలేదు. అంత కడుపు నిండిన పండుగ నేను మళ్లీ చూడలేదు.

మరుసటి వారమే వాళ్లు చేను అమ్మేశారు. వాళ్ల నాయన రాళ్లు ఏరిన చేను. ఎస్తేరమ్మ చట్టీ ముంతా మూట కట్టుకుని జకరయ్య వెనక బస్సెక్కింది. ఏడవలేదు. ఏడ్చింది నేను.

కాలువ గట్టున

నిజం చెబుతాను. ఆ తరువాత కొన్నాళ్లు ఇళ్లకు పోబుద్ధి కాలేదు. వానకు ప్రార్థన చేశాను, రాలేదు. చేనుకు చేశాను, నిలవలేదు. ఇంకొక గడప ఎక్కి ఏ ముఖంతో చేతులు జోడించాలి? ఒంట్లో బాగాలేదని కబురు పంపి ఇంట్లో కూర్చున్నాను. చివరకు ఎస్తేరమ్మను ఒక్కసారి చూసి ఓదార్చి వద్దామని, విడపనకల్లు అవతల కాలువ పనులు జరిగే చోటికి పోయాను.

బురదలో తట్టలు మోసే ఆడవాళ్లలో ఆమెను గొంతును బట్టి గుర్తుపట్టాను. నన్ను చూడగానే తట్ట పారేసి పరుగెత్తుకొచ్చింది. గుడిసెల ఆడవాళ్లందరినీ పిలిచి, మా బైబిలక్క, నేను చెప్తాంటినే, అని చూపించింది. రోజూ పొద్దున్నే ఆమె గుడిసె ముందు చేరి ప్రార్థన చేసుకుంటున్నారట. మా మేస్త్రీకి గొంతు పోయేటట్టు ప్రార్థన చేయమని ఒకామె నన్ను అక్కడికక్కడే అడిగింది.

అందరూ పోయాక నేను ఓదార్పు మాటలు మొదలుపెట్టబోయాను. సంగటి ముద్ద నా చేతిలో పెట్టి, తినక్కా, ముందు తిను అంది. చేను గుర్తొస్తుందా అని అడిగాను. పొద్దున లేస్తానే గుర్తొస్తుందని, గుర్తొచ్చినప్పుడల్లా ఏడుస్తానని దాచకుండా చెప్పింది.

"వాన అడిగితి, ఇయ్యలేదు. ఎందుకియ్యలేదని అడిగితి, చెప్పలేదు. అట్లని ఆయనతో మాట్లాడేది మానుకుంటే నాకు ఇంకెవరుండారక్కా?" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ తనే అంది, "నా సంగతి సరే. నీకేం కావల్లో చెప్పు, నేను ప్రార్థన చేస్తా."

అన్నేళ్ల ఉద్యోగంలో ఆ మాట నన్ను అడిగినవాళ్లు లేరు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. దాచుకుందామనుకున్నది నోటికి వచ్చేసింది. ఈ పని చేయడానికి భయంగా ఉందని, నేను అడిగితే ఏదీ జరగడం లేదని, ఇంక ఎవరింటికీ పోలేనని చెప్పాను. చెబుతూ వెక్కివెక్కి ఏడ్చాను. ఎస్తేరమ్మ బురద చెయ్యి నా నెత్తిన పెట్టి, గొంతు ఏమాత్రం తగ్గించకుండా, కాలువ పొడుగునా వినపడేటట్టు ప్రార్థన చేసింది.

"ప్రభువా, ఈయక్క అడిగినవి ఇస్తావో ఇయ్యవో నీ ఇష్టం. ఈయక్క ఇండ్లకు వచ్చేది మాత్రం మానకుండా చూడు. వాన రాకపోయినా మాకు దినాలు జరిగినాయి. ఈయక్క రాని వారం మాత్రం దినం జరగలేదు."

నేను మరునాడు పొద్దున్నే పామిడి బస్సెక్కి, దిగిన చోటి నుంచి మొదటి ఇంటికి నడిచి, తలుపు కొట్టాను.